పంటి సందులో సంతకం

తెరమీద ఇద్దరు సైదులులు మోటారు విప్పుతున్నారు. అదే గ్రీజు చొక్కా, అదే గొంతు. ఎడమవైపు సైదులు "రాగి తీగ అరవై రెండు చుట్లు" అన్నాడు. కుడివైపువాడు "యాభై రెండు" అన్నాడు.

"ఆ పది చుట్లు తగ్గినందుకే నలభై మోటార్లు కాలిపోయాయమ్మా. మిరపతోటలు ఎండుతుంటే జనం నన్ను తిడుతున్నారు," అన్నాడు పక్కనే కూర్చున్న అసలు సైదులు. నరసరావుపేటలో మోటార్ వైండింగ్ షాపు అతనిది. అతని వీడియోలు చూసి పని నేర్చినవాళ్ళు మూడు జిల్లాల్లో ఉన్నారు.

హిమజ తన రెండేళ్ళ కష్టాన్ని, 'జాడ' యంత్రాన్ని, ఆన్ చేసింది. ముఖాన్నీ గొంతునీ AI అచ్చుగుద్దినట్టు దించేస్తుంది కాబట్టి జాడ వాటిని చూడదు. మాటల మధ్య జారే ఊపిరిని కొలుస్తుంది. సైదులుకి ముందు పన్ను ఊడి పదేళ్ళు. ఆ సందులోంచి 'స' అన్నప్పుడల్లా సన్నటి ఈల వస్తుంది. నకిలీ చేసే AI దాన్ని రొద అనుకుని తుడిచేస్తుంది.

ఎడమ: 98. కుడి: 41. సైదులు పేరున్న వీడియోకి 90 రాకపోతే ఇక ఏ ఫోన్‌లోనూ ఆడదు.

"అబ్బ, ఏం బుర్ర తల్లీ నీది! ఒక్క మాట. ఈ కొలత ఎవరడిగినా మార్చకు. నేనడిగినా మార్చకు. రేపు నా గొంతుతోనే ఎవడో ఫోన్ చేస్తాడు."

ఆ ముందుచూపుకి ముచ్చటపడి, హిమజ ఆ కొలతకి తనకి కూడా తెరుచుకోని తాళం వేసింది.

మూడు రోజుల్లో 1,316 నకిలీలు మాయమయ్యాయి. ఒక్కటి మిగిలింది. చీరాల మిమిక్రీ ఆర్టిస్టు బెన్నీది, ఆ ఈలని కూడా నోటితోనే దించేశాడు. స్కోరు 94.

"ఉండనీలే, చుట్లు తప్పు చెప్పడుగా," అని నవ్వాడు సైదులు.

శిష్యులు సంబరంగా గురువుకి కొత్త పన్ను పెట్టించారు. ఎముకలోకి దిగేసిన పన్ను, ఇక ఊడి రాదు. వారానికి అతను కొత్తరకం మోటారు వీడియో పెట్టాడు. పొలాల్లో రైతులు దానికోసమే కాచుక్కూర్చున్నారు.

స్కోరు 57. వీడియో మాయం.

"బాబాయ్, నోరు తెరవండి," అంది హిమజ. చూసి తల పట్టుకుంది.

"కొలత మార్చెయ్యమ్మా!"

"మీరడిగినా మార్చొద్దన్నారుగా?"

"అన్నది నేనేగా!"

"ఇప్పుడు అడుగుతున్నది మీరేనని జాడ ఒప్పుకోవట్లేదు బాబాయ్."

మర్నాడే సైదులు చీరాల బస్సెక్కాడు. నాలుగు రోజుల సాధనకి స్కోరు 73కి వచ్చింది.

"నాలుక పక్కకి తిప్పి మళ్ళీ అనండి, స్టార్టర్," అన్నాడు బెన్నీ ఓపిగ్గా. "ఊహూఁ. సైదులు అలా అనడు బాబాయ్."