పన్నెండో పేరు

ఆదివారం పొద్దున ఎండ ఇంకా తిన్నె మీదికి ఎక్కకముందే చెంగల్రాయుడి ఇంటి ముందు సైకిళ్ళు ఆగాయి. వంటింట్లో సుశీల ఆ చప్పుడు విని, డికాక్షన్‌లో ఇంకొన్ని నీళ్ళు పోసింది. వచ్చినవాళ్ళు మధ్యాహ్నం దాకా లేవరని ఆమెకు తెలుసు.

ఆమె మామగారు తాలూకాఫీసులో బంట్రోతుల మీద దఫేదారుగా చేసి రిటైరైన మనిషి. కల్లు ముట్టడు, పేక ముట్టడు. ఆయనకున్న పిచ్చి ఒక్కటే, హాకీ. మదనపల్లె జట్టును నడిపేది ఆయనే. శివరాత్రికి పుంగనూరులో జరిగే పోటీలకు ఎవరు వెళ్ళాలో, ఏ కుర్రాడు ముందు ముందు పనికొస్తాడో, ఎవరికి వయసు మీరిందో, అన్నీ ప్రతి ఏడూ ఆ తిన్నె మీదే తేలతాయి.

"ఢిల్లీలో మనోళ్ళు పాకిస్తానోళ్ళ సేత ఏడు గోల్సు తినినారు. అది సూసినాంక గూడా పాతోళ్ళ పేర్లే సెప్తాండావు సూడు, నీకు దండం బెట్టాల," అంటున్నాడు బస్టాండులో ఏజెంటు పని చేసే కృష్ణప్ప.

"ఢిల్లీ సంగతి ఈడ యాల? వాళ్ళు పచ్చ గుడ్డ పరిచి దాని మింద ఆడినారంట. మనది గరుసు నేల," అన్నాడు చెంగల్రాయుడు.

"గోలు పడేదానికి నేలేం జేస్తాది?"

టైలరు ఘని మధ్యలో అందుకున్నాడు. "అన్నా, మీ కోపాలు పక్కన బెట్టి నడుమ ఆడే సెంటర్ హాఫ్ సంగతి సూడండి. నిమ్మనపల్లె నుంచి సైకిలు తొక్కుకుంటా వస్తాడే, నూరుల్లా. పదిహేడేండ్ల పిలగాడు. బాలు వాని కట్టెకు అంటించినట్టే పోతాది."

"వాడా? గట్టిగా గాలొస్తే ఎగిరిపోతాడు."

"ఆ వయసులో మన మునిరత్నం గూడా అంతేగా ఉన్న్యాడు."

లోపల సుశీల చేతిలో గరిటె ఆగింది. మునిరత్నం ఆమె భర్త. ఆ ఇంటికి ఒక్కడే కొడుకు. పోయిన శివరాత్రికి పుంగనూరులో ఆడుతుండగా బంతి వచ్చి కణతకు తగిలింది. మరుసటి రోజు పొద్దునకల్లా పోయాడు.

కాసేపటికి చెంగల్రాయుడి గొంతు వినిపించింది. "వాని జాగా ఎవురికీ ఇచ్చేది లేదు. ఎవుర్నో ఒకర్ని నిలబెట్టి పదేండ్లు నడపండి. మా గంగాధర పెద్దోడైతే ఆ జాగాకు వాడే వస్తాడు."

"పదేండ్లు టెంపరవరీ సెంటర్ హాఫా? మీ తాలూకాఫీసులో గూడా అన్నేండ్లు పెట్టుకోరన్నా," అన్నాడు కృష్ణప్ప. ఘని నవ్వును దగ్గులా మార్చాడు. కృష్ణప్ప వదల్లేదు. "పోనీ, ఈసారన్నా ఇద్దర్ని ఎక్కువ రాసుకుందాం. మార్చుకునేదానికి రూలు ఉండాది కదా. అన్ని ఊర్లోళ్ళూ తెచ్చుకుంటాండారు."

"తెచ్చుకోనీ. పుంగనూరోళ్ళు ఆటగాళ్ళతో పాటు రోగుల్ని గూడా తోలుకొస్తారు. మదనపల్లెకు ఎప్పుడూ పదకొండు మందే. పన్నెండోవాడు కూసోనుండాడని తెలిస్తే ఆడేటోడికి లేని నొప్పులు వస్తాయి."

ఇది ఆయన తండ్రుల కాలం నుంచి వస్తున్న మాట. మదనపల్లె జట్టు పదకొండు పేర్లే ఇస్తుంది. దెబ్బ తగిలినవాడు గ్రౌండులోని మన్ను తీసి రుద్దుకుని లేస్తాడు తప్ప బయటికి రాడు. ఊరంతా దాన్ని గొప్పగా చెప్పుకునేది. సుశీల కూడా పెళ్ళైన కొత్తలో తన బడిలో పిల్లలకు అదే గొప్పగా చెప్పింది.

ఆమె కాఫీ గ్లాసులు తీసుకుని గడప దాటేసరికి వీధిలో గంగాధర ఏడుపు వినిపించింది. వాడికి ఎనిమిదేళ్ళు. తాత ఒక పాత హాకీ కట్టెను కోసి వాడి ఎత్తుకు సరిపడా చేసి ఇచ్చాడు. పక్కింటి పిల్లాడు కొట్టిన బంతి వచ్చి మోకాలి కింద తగిలింది. అప్పుడే చర్మం లేచి నెత్తురు చిమ్ముతోంది.

చెంగల్రాయుడు గబగబా దిగి వెళ్ళి, వీధిలోని మన్ను పిడికెడు తీసి మనవడి కాలికి రుద్దాడు. "ఏం కాలా. లెయ్. ఆడేటోడు ఏడుస్తాడా? మీ నాయన ఏడ్సినాడా?"

సుశీల గ్లాసులను తిన్నె మీద పెట్టింది. ఒక్కటి కూడా ఒలకలేదు. దిగి వెళ్ళి కొడుకును లాక్కుని తన పక్కన నిలబెట్టుకుంది.

"మామా, వీని మింద మన్ను రుద్దొద్దండి."

"సిన్న దెబ్బమ్మా. మన్ను బెడితే నెత్తురు నిలబడిపోతాది."

"ఆ పొద్దు గూడా మన్నే రుద్దినారు."

ఘని, కృష్ణప్ప ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చెంగల్రాయుడు లేచి నిలబడ్డాడు. "ఆ పొద్దు వాడే లేచి పోయినాడు. వద్దంటే గూడా ఇనలేదు. ఈళ్ళను అడుగు."

"ఏడాదిగా అందురూ నాకు అదే సెప్పినారు. ఈ ఘనన్న సెప్పినాడు. అత్త సెప్పింది. నేను ఇంటానే ఉన్నా." ఆమె గొంతు పెరగలేదు. తరగతిలో పాఠం చెప్పేటప్పటిలాగే ఒక్కొక్క మాటా విడిగా వచ్చింది. "ఆ సాయంత్రం ఇంటికొచ్చినాంక నేను తడిగుడ్డతో ముఖం తుడస్తా ఉంటే ఆయనే నాకు సెప్పినాడు. 'నాయనా, తల తిరగతాండాది, కూసుంటా' అంటే, 'పదిమందితో ఆడమంటావా' అన్నారంట మీరు."

ఘని తల దించుకున్నాడు. కృష్ణప్ప సైకిలు స్టాండు తీయబోయి, ఆ చప్పుడుకు తానే ఉలిక్కిపడి ఆగాడు.

"అంటే ఏందిప్పుడు?" చెంగల్రాయుడి ముఖం నల్లబడింది. "నా కొడుకును నేనే సంపుకున్నాననా నీ మాట?"

"ఆ మాట నేను అన్లేదు. ఏడాదిగా అనకుండా ఉండాను."

"నలుగురి ముందర నన్ను నిలబెట్టి అడగతాండావే! కోడలివని ఊరుకుంటాండా."

"నలుగురి ముందరే కదా మామా, నా బిడ్డను పదేండ్లకు ముందే జట్టులో రాస్తాండారు. వాన్ని కన్నదాన్ని లోపల కాఫీ కాస్తాండాను. నన్నెవురూ అడగలేదు." ఆమె మిగతాది కూడా చెప్పేసింది. "నేను కుప్పానికి బదిలీ అడిగి ఏయించుకున్నా. జూన్లో పోతాండాం. వాడూ నాతోనే వస్తాడు."

గడపలో నిలబడిన అత్త ఆదిలక్ష్మమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చెంగల్రాయుడు తిన్నె మీది వాళ్ళ మీదికి తిరిగాడు. "మీరింగా యాల ఈడ కూసోనుండారు? పోండి ఇండ్లకు."

కాఫీలు చల్లారిపోయాయి.

ఆ తర్వాత మామకూ కోడలికీ మధ్య మాటలు పూర్తిగా అడుగంటాయి. చెంగల్రాయుడికి ఏదన్నా కావాలంటే భార్యకు చెప్పేవాడు. ఆమె రెండడుగులు వేసి అదే మాట సుశీలకు చెప్పేది. ఒకరోజు కంది కాయలు ఒలుస్తూ అత్త కసిరింది. "ఇంటి మాట వీధిలో అంటివే. మొగోని పరువు ఏం గావాల? లోపలికి పిల్చి అడగరాదా?"

"లోపలికి పిలిస్తే మీరేం సెప్పేవాళ్ళత్తా?"

ఆదిలక్ష్మమ్మ ఇంకో కాయ ఒలిచింది. "వాడే లేచి పోయినాడనే సెప్పేదాన్ని," అంది. "నాకు ఆయప్ప గూడా గావాల కదే. కొడుకూ పాయ. ఈయన్ను గూడా నేను ఏల్తో సూపిస్తే, ఇంగ నాకెవురుండారు?"

సుశీలకు కోపం వచ్చింది. ఆ కోపాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియలేదు. అదే ఎక్కువ బాధించింది. కంది గింజలు చేటలోకి పడుతూనే ఉన్నాయి.

శివరాత్రి దగ్గరపడుతుండగా ఒక ఆదివారం సైకిళ్ళు మళ్ళీ వచ్చాయి. ఈసారి వాళ్ళు వీధిలోనే నిలబడి గొంతులు తగ్గించి మాట్లాడుకున్నారు. చెంగల్రాయుడు లోపల్నుంచి వచ్చి తిన్నె మీద కూర్చున్నాడు. కిటికీ పక్కన పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతున్న సుశీలకు ఆయన మాట వినిపించింది. కావాలనే వినపడేలా అన్నట్టుంది.

"సెంటర్ హాఫ్ నూరుల్లా. రాసుకోండి. పన్నెండో పేరు సుబ్రహ్మణ్యం."

"పన్నెండా?" అన్నాడు కృష్ణప్ప.

"నీకు సెవుడు ఎప్పుడొచ్చింది?"

సుశీల ఎర్ర సిరా పెన్ను పక్కన పెట్టింది. కానీ లేచి బయటికి వెళ్ళలేదు. ఒక పేరు రాసినంత మాత్రాన ఏమవుతుంది అనుకుంది. అది ఏడాది ముందు రాయవలసిన పేరు.

పుంగనూరుకు వెళ్ళే ఉద్దేశం ఆమెకు లేదు. కానీ గంగాధర ఆట చూడాల్సిందేనని అన్నం మానేసి కూర్చున్నాడు. తాతతో వాడిని ఒంటరిగా పంపడం ఆమెకు ఇష్టం లేదు. కాబట్టి తానూ బస్సెక్కింది. భర్త పడిపోయిన ఆ నేలను ఆమె మొదటిసారి చూసింది. మామూలు నేల. సున్నం గీతలు, పక్కన సోడా బండ్లు, జనం.

ఆట రెండో సగంలో చెరొక గోలుతో సమానంగా ఉన్నప్పుడు ఒక బంతి లేచి వచ్చి నూరుల్లా చెవి పైన తగిలింది. పిల్లాడు మోకాళ్ళ మీద పడ్డాడు. సుశీల గంగాధర భుజాన్ని ఎంత గట్టిగా పట్టుకుందో వాడు "అమ్మా" అనేదాకా తెలియలేదు.

నూరుల్లా అలవాటు ప్రకారం మన్ను తీసి రుద్దుకుని లేచాడు. జనం చప్పట్లు కొట్టారు. అప్పటికే చెంగల్రాయుడు గీత దాటి లోపలికి నడుస్తున్నాడు.

"రారా బయటికి."

"నాకేం కాలేదు సార్. బాగుండాను."

"రమ్మంటాండా కదా."

"మా ఊర్నుంచి జనమొచ్చినారు సార్. ఈ ఒక్క మ్యాచీ ఆడనీండి."

చెంగల్రాయుడు వాడి చేతిలో కట్టె లాక్కుని, రెక్క పట్టుకుని బయటికి నడిపించాడు. సుబ్రహ్మణ్యం లోపలికి పరుగెత్తాడు. పుంగనూరు వాళ్ళు ఈలలు వేశారు. "మదనపల్లెకు గూడా నొప్పులొచ్చినాయంటప్పా!" అని ఎవరో అరిచారు. కాసేపటికే సుబ్రహ్మణ్యం కాళ్ళ సందులోంచి బంతి పోయి గోలు పడింది. మదనపల్లె ఓడిపోయింది.

నూరుల్లాకు నిజంగానే ఏమీ కాలేదు. చెరుకు ముక్క నములుతూ, చెంగల్రాయుడి వైపు చూడకుండా కూర్చున్నాడు. కృష్ణప్పకు మాత్రం కోపం ఆగలేదు. "గెలిసే మ్యాచి. సేతులారా పోగొట్టినావు. వాడు గుండ్రాయి మాదిరి ఉండాడు. ఇంగ జట్టును నీకు ఎవురిస్తారన్నా?"

"ఇయ్యొద్దండి," అన్నాడు చెంగల్రాయుడు. తువ్వాలు భుజాన వేసుకుని ఒక్కడే బస్టాండు వైపు నడిచాడు.

సుశీల కొడుకు చేయి పట్టుకుని వెనకే వెళ్ళింది. మదనపల్లె బస్సు ఆగే చోట సిమెంటు బెంచీ మీద ఆయన కూర్చుని ఉన్నాడు. ఆమె అదే బెంచీకి ఈ చివర కూర్చుంది. మధ్యలో గంగాధర.

"నా కోపం పోలేదు మామా," అంది. "పోతాదో లేదో గూడా తెలీదు."

"పోయేది కాదమ్మా అది. నా మింద నాకుండేదే పోవడంలా." ఆ ఆదివారం తర్వాత మొదటిసారి ఆయన నేరుగా ఆమెతో మాట్లాడాడు. "నువ్వు కుప్పానికి పో. బిడ్డను తీసుకపో. నేను అడ్డం రాను."

"పోతాం. నెలకోసారి మీరూ అత్తా రండి. వీడు మిమ్మల్ని ఇడిసి ఉండలేడు."

ఆయన తల ఊపాడు. సుశీల గొంతులో ఏడాదిగా ఉండిపోయిన ప్రశ్న ఇంకొకటి ఉంది. అది కోపం కింద పడి ఉండడం వల్ల తనకే కనిపించలేదు.

"ఆ పొద్దు ఆయన ఎట్లా ఆడినాడు?"

చెంగల్రాయుడు ఆమె వైపు తిరిగాడు.

"తిన్నె మీద ఏడాది పొడుగునా అందురి ఆటా సెప్పుకున్నారు. ఆయన ఆడిన కడపటి ఆట గురించి నాకు ఎవురూ సెప్పలేదు. నేనూ అడగలేదు."

"దెబ్బ తగిలినాంక సరిగా ఆడలేదమ్మా," అన్నాడాయన. అబద్ధం చెప్పడం ఆయనకు ఈ విషయంలో చేతకాదు. "పాసులన్నీ పక్కకు పోయినాయి. కాళ్ళ ముందరి బాలు వదిలేసినాడు. నేను గీత పక్కన నిలబడి అరస్తానే ఉన్న్యా, కండ్లు యాడ బెట్టుకోనుండావురా అని. వానికి బాలు కనపడ్లేదు సుశీలా. కనపడకనే ఆడినాడు. నాకిప్పుడు తెలస్తాండాది." తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన భుజాలు కదిలిపోయాయి. గంగాధర బెదిరిపోయి తల్లి వైపు చూశాడు.

ఆమె ఆయన్ను ఓదార్చలేదు. ఓదార్చే మాట ఏదీ నిజంగా తోచలేదు. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా అడిగింది. "దెబ్బ తగలకముందు?"

తువ్వాలు కిందికి దిగింది. "అంతకు ముందా?" ఆయన ముఖంలో ఏదో మారింది. "అంతకు ముందు వాడు ఆడిన ఆట నేను ఇంతవరకు ఎవురి దగ్గిరా సూడలేదమ్మా."

దుమ్ము లేపుకుంటూ మదనపల్లె బస్సు వచ్చి ఆగింది. కండక్టరు ఊరి పేరు పిలిచాడు. జనం తోసుకుంటూ ఎక్కారు. చెంగల్రాయుడు లేవబోయాడు.

"ఈ బస్సు పోనీండి మామా," అంది సుశీల. "మొదట్నించి సెప్పండి. వీడూ ఇంటాడు."

బస్సు కదిలి వెళ్ళిపోయింది. చెంగల్రాయుడు కొంచెం ముందుకు జరిగి, ఖాళీ చేతులతోనే కట్టె పట్టుకున్నట్టు చూపిస్తూ, "మొదట బాలు మనోళ్ళదే," అని మొదలుపెట్టాడు.