కిటికీ పక్కన విన్న పరీక్ష

"ఇప్పుడు నేను కొన్ని అంకెలు..." అని రిహానా అనబోతుండగానే ఎనిమిదేళ్ళ ఇష్రత్ గుక్క తిప్పుకోకుండా, "ఐదు, ఎనిమిది, రెండు, తొమ్మిది!" అనేసింది.

రిహానా కాగితాల మీంచి తలెత్తింది. శనివారాలు తెనాలి నుంచి బాపట్ల వచ్చి, చదువులో తడబడే పిల్లలను పరీక్షించే సైకాలజిస్టు ఆమె. అడగని ప్రశ్నకు జవాబు వినడం ఇదే మొదటిసారి.

"ఎవరు చెప్పారమ్మా?"

"మా మామయ్య. పోయినవారం మీరు వేరే పాపను అడుగుతుంటే ఆ కిటికీ పక్కన కూర్చుని అన్నీ విన్నాడంట."

గుమ్మంలో నిలబడ్డ అఫ్జల్ తన చెప్పుల వంక చూసుకున్నాడు. రేపల్లెలో కాలిన మోటార్లకు కొత్త తీగ చుట్టి వైండింగు చేస్తాడు. ఇష్రత్ అతని అక్క కూతురు.

"ఏంటండీ ఇది?"

"పరీక్షన్నారు కదండి. చదివించకుండా ఎట్టా తీసుకొస్తాం?"

రిహానాకు కోపమొచ్చింది, దాని వెనకే నవ్వూ వచ్చింది. "కాలిన మోటారుకు రంగేసి తెస్తే మీరేం చేస్తారు?"

"విప్పి చూస్తానండి."

"నన్ను విప్పి చూడనివ్వలేదు మీరు. పాప ఎక్కడ ఆగిపోతుందో తెలుసుకోవడానికే ఈ పరీక్ష. ఇక ఇది పనికిరాదు."

అతని ముఖం వాడిపోయింది. రిపోర్టు తెస్తే పరీక్షల్లో ఎక్కువ సమయమిస్తామని, లేకపోతే మళ్ళీ మూడో తరగతేనని బడిలో చెప్పారట.

"వేరే పరీక్ష ఉంది. వచ్చే ఆదివారం తెనాలి రండి. కిటికీలు మూసే ఉంచుతాను. అవునూ, ఆ ప్రశ్నలన్నీ ఎక్కడ రాసుకున్నారు?"

"రాయలేదండి. గుర్తున్నయ్."

"నలభై ప్రశ్నలా?"

తలూపి, మేనకోడలి నెత్తిన చేతిరుమాలు కప్పి వానలోకి దిగిపోయాడు. ఎలాంటి మనిషబ్బా ఇతను, అనుకుంది రిహానా. వారమంతా అనుకుంటూనే ఉంది.

ఆదివారం తెనాలిలో ఇష్రత్ రంగు దిమ్మెలను చిటికెలో పేర్చింది. కథ విని పొల్లుపోకుండా తిరిగి చెప్పింది. నాలుగు వాక్యాలు చదవమంటే మాత్రం ముక్కు మీద చెమట పట్టింది.

అఫ్జల్ రోడ్డు అవతల టీకొట్టు దగ్గర కూర్చున్నాడు. రిహానా అతన్ని లోపలికి పిలిచింది.

"అంత దూరం పోయారేం?"

"మళ్ళీ చెవిలో పడితే కష్టమండి."

"సరే, ఇంట్లో పాప ఎలా ఉంటుందో చెప్పండి."

"పుస్తకం తెరవగానే దాహమంటది. మూడు గ్లాసులు తాగుద్ది. అదే పెనుమూడి నుంచి ఎవరన్నా రైతు మోటారు తెస్తే, ఏ తీగ ఏ గాడిలోంచి తీశానో నాకన్నా ముందు చెబుద్ది."

రిహానా పెన్ను అతని మాటల వెంట పరుగెత్తింది. "ఇంట్లో ఇంకెవరికైనా చదువు ఇలాగే కష్టమైందా? అదీ రిపోర్టులో రాయాలి."

"లేదండి." మరీ తొందరగా అన్నాడు.

ఇష్రత్ తలవంచుకుంది. "మరి నేనొక్కదాన్నే ఎందుకు మేడమ్ ఇట్టా? క్లాసులో అందరూ మొద్దంటారు."

రిహానా నోరు తెరిచేలోగా అఫ్జల్ అన్నాడు. "ఒక్కదానివి కాదే. నేనూ అంతే."

రిహానా పెన్ను పక్కన పెట్టింది.

"బోర్డు మీద అక్షరాలు నిలబడేవి కావండి. దెబ్బలు తినలేక ఏడులో మానేశా. ఇప్పటికీ బస్సు బోర్డు పక్కవాళ్ళనడిగే ఎక్కుతా. మా అమ్మకు తప్ప ఎవరికీ తెలీదు. మీకసలు తెలియకూడదనుకున్నా."

"నాకెందుకు తెలియకూడదు?"

అతను చొక్కా కాలరు సర్దుకున్నాడు. ఇష్రత్ అందుకుంది. "మీ దగ్గరికొస్తున్నామనే కొత్త చొక్కా కొన్నాడు మేడమ్."

"నువ్వాగవే!"

రిహానా నవ్వాపుకుని పాపను దగ్గరికి తీసుకుంది. "నీ తెలివికి ఏ లోటూ లేదమ్మా. అక్షరాలు నీకు వేరే పద్ధతిలో నేర్పాలి, అంతే. మీ బడికి అదే రాస్తాను. ఇది కుటుంబంలో వచ్చేదే కాబట్టి, మామయ్య చెప్పినదాంతో నా మాటకు బలమొచ్చింది." తర్వాత అతని వైపు తిరిగింది. "ఇంకేం గమనించారండీ, ఆ కిటికీ పక్కన?"

"వాచీ ఒళ్ళో దాచుకుంటారు, పిల్లలు టైము చూసి కంగారుపడకుండా. తప్పు చెప్పినా మీ ముఖం మారదు. ఈమె ముందు తప్పు చెప్పినా భయం లేదనిపించిందండి."

"అయితే చెప్పండి, తప్పయినా ఫరవాలేదు."

"మీరంటే ఇష్టమండి."

రిహానా చెవులు ఎర్రబడ్డాయి. కాగితాలు సర్దింది. సర్దినవే మళ్ళీ సర్దింది.

"వచ్చే ఆదివారం మీ అమ్మగారు ఇంట్లో ఉంటారా?"

"ఉంటదండి."

"రేపల్లె రైలుకొస్తాను. పాపకు అక్షరాలు నేర్పాలిగా."

"అందుకేనా మేడమ్?" అంది ఇష్రత్.

"అందుక్కూడా," అంది రిహానా.