సూకా ఝాడ్ నీళ్లల్ల పిలుపు

ఆ నీళ్లల్ల ఎవరన్న పేరు పెట్టి పిలిస్తే పలుకొద్దంటరు. ఆగొద్దంటరు. ఎనక్కి తిరిగి అసలే చూడొద్దంటరు.

సూరత్ నుంచి సోన్‌గఢ్ దాటి ఇంక ముందుకు పోతే, తాపీ మీద కట్టిన డ్యాం ఎనక, కొండల నడుమ నీళ్లు పరుచుకొని ఉంటయి. ఆ నీళ్లల్ల ఒక జాగల చెట్లు నిలబడి ఉంటయి. ఒక్క ఆకు ఉండది. ఒట్టి మోడులు. నీళ్లు నిండినప్పుడు మునిగిన ఊరి చెట్లవి. ఊరు పోయింది గాని చెట్లు పడలే. అక్కడోళ్లు ఆ జాగను సూకా ఝాడ్ అంటరు — ఎండిన చెట్లు అని.

చేపలు పట్టెటోళ్లు గూడ పొద్దు గూకినంక అటు దిక్కు పోరు.

నీళ్లు ఎక్కేటప్పుడు ఊరోళ్లందరు గుట్ట మీదికి చేరిన్రట. ఒక్క ఆడమనిషి మాత్రం మళ్ల ఎనక్కి పోయిందట. ఎందుకు పోయిందో ఒక్కొక్కలు ఒక్కో తీరుగ చెప్తరు. ఆమె అయితే తిరిగి రాలే. అప్పటిసంది... చీకటి పడ్డంక ఆ చెట్ల నడుమ ఎవరు పోయినా పేరు పెట్టి పిలుస్తదట. ఆగినోడు ఆగినట్టే.

ఇది నేను చూసింది కాదు. సూరత్‌ల, బమ్రోలిల మా పక్కింటి పిలగాడు ప్రణయ్ చెప్పిండు. చెప్పుకుంట చెప్పుకుంట వాడు చేతులు రెండు తొడల కింద పెట్టుకున్నడు — వణుకుతున్నయని నాకు కనబడకుంట. గందుకే నమ్మిన.

ప్రణయ్‌కు తల్లి లేదు. వానికి ఊహ తెలువకముందే పోయింది. తండ్రి సోమలింగం పవర్‌లూమ్ మీద రాత్రి పాళీ చేసి పొద్దంత పండుకునెటోడు. పిలగాన్ని పెంచింది అక్క విజయశ్రీ. బడి మానుకొని, ఇంట్ల కూసుని చీరలకు లేసు కుట్టుకుంట, వాన్ని తినిపిచ్చింది, సదివిచ్చింది. ఇప్పుడు వాడు హజీరా దిక్కు ఒక కంపెనీల డ్రాయింగులు గీసే పనిల ఉన్నడు. ఆమె మాత్రం పెండ్లి ముచ్చట ఎవరు తీసినా ‘చూద్దాం తియ్యి’ అనుకుంటనే ఏండ్లు గడిపింది.

ఆఫీసుల దోస్తు క్రాంతి ప్రణయ్‌కు కయాక్ నేర్పిండు. కయాక్ అంటే సన్నగ, పొడుగ్గ ఉండే బోటు. ఒకరి ఎనక ఒకరు ఇద్దరు కూసుంటరు. ఇద్దరి చేతుల్ల తెడ్లు. ఇంజన్ ఉండది, చప్పుడు ఉండది, నీళ్ల మీద జారుకుంట పోతది. ఆదివారం అయితే చాలు, నలుగురైదుగురు కలిసి డ్యాం నీళ్ల మీదికి పోయెటోళ్లు. ఒడ్డు మీద నగీన్‌భాయ్ అని ఒక గామిత్ తెగ పెద్దమనిషి బోట్లు కిరాయికి ఇస్తడు.

“అక్కా, ఒక్కసారి రా,” అన్నడు ప్రణయ్.

“నాకు నీళ్లంటే భయం రా.”

“నేనున్న గద!”

ఆ ఒక్క మాటనే వాన్ని ఇప్పటికీ నిద్ర పోనిస్తలేదు.

భయపడ్డ మనిషే, పోయినంక ఇడిసిపెట్టలే. పుట్టినకాంచి మగ్గాల చప్పుడుల బతికిందాయె. నీళ్ల నడుమ తెడ్డు ఆపి, “ఎంత నిమ్మళంగ ఉందిరా చిన్నా” అని కండ్లు మూసుకున్నదట. ఆమె చెయ్యి నిలకడ చూసి నగీన్‌భాయే ఆమెను ఎనక సీట్ల కూసోబెట్టిండు. ఎనక కూసున్నోళ్లే బోటును తిప్పాలె. ముందున్నోళ్లు తెడ్డు వేసుకుంట పోవుడే. ముందున్నోళ్లు నడుం తిప్పి ఎనక్కి చూస్తే బోటు వంగి బోల్తా పడ్తది — మొదటి రోజే గట్టిగ చెప్పిండు నగీన్‌భాయ్.

ఇంకొకటి గూడ చెప్పిండు. పొద్దు గూకినంక సూకా ఝాడ్ దిక్కు పోవద్దని, అక్కడ దయ్యం పేరు పెట్టి పిలుస్తదని.

ఆ ఆదివారం చలి బాగుండె. పగటీలి అందరు నీళ్ల నడుమ ఉన్న దిబ్బ మీద దిగి తిన్నరు, నవ్వుకున్నరు. తిరుగుడు మొదలు పెట్టినంక క్రాంతి వాళ్ల బోట్లు ముందు పోయినయి. అక్కాతమ్ముండ్లు ఎనకబడ్డరు. కొంగలు గుంపుగ దిగుతుంటే విజయశ్రీ, “జర ఆగుదాం చిన్నా, ఇవి పోనీ” అన్నది. ఆగిన్రు.

కొంగలు లేచిపోయినయి. గాలి మొదలైంది.

ఎదురుగాలి. తెడ్డు ఎంత వేసినా బోటు జరుగుతలేదు. కొండల ఎనక పొద్దు జారింది. ముందు పోయిన బోట్లు కనబడుతలేవు. దూరంగ ఒడ్డు మీద నగీన్‌భాయ్ బల్బు ఒక్కటే సన్నగ మెరుస్తున్నది. చుట్టు తిరిగి పోతే ఆ గాలికి ఎప్పటికి చేరుతరో తెలువదు. చెట్ల నడుమకెళ్లి పోతే గాలి తగలది, దారి గూడ దగ్గర.

“చెట్లల్లకెళ్లి పోదాం అక్కా.”

“పెద్దమనిషి వద్దన్నడు గదరా...”

“ఆయన చెప్పేది దయ్యం ముచ్చట. ఈ గాలి ముచ్చట కాదు.”

ఆమె బోటు మూతి అటు తిప్పింది.

చెట్ల లోపలికి పోంగనే గాలి ఆగిపోయింది. ఒక్కసారి — తలుపేసినట్టు. నీళ్లు కదుల్తలేవు. ఏడికాడ మోడులు నిలబడి ఉన్నయి. తెడ్ల చప్పుడు ఒక్కటే... ముందు వానిది, ఎనక ఆమెది. ముందు వానిది, ఎనక ఆమెది. ఆ రెండో చప్పుడు వినుకుంటనే వాడు ధైర్యంగ ఉన్నడు.

చీకటి చిక్కబడ్డది.

అప్పుడు బోటు కింద ఏదో తగిలింది. మునిగిన మొద్దు. మూతి పైకి లేచింది, బోటు ఒక పక్కకు ఒరిగింది. వాడు ముందుకు పడి రెండు అంచులు పట్టుకున్నడు. ఎనక కొమ్మ విరిగిన చప్పుడు... నీళ్లు ఎగిరిన చప్పుడు... చల్లటి నీళ్లు వీపు మీద పడ్డయి. బోటు ఊగి ఊగి మళ్ల నిలబడ్డది.

“అక్కా!”

జవాబు లేదు.

“అక్కా... ఉన్నవా?”

కొంచెం సేపటికి ఎనకకెళ్లి — “ఊఁ.”

వానికి పానం లేచొచ్చింది.

“దెబ్బ తాకిందా?”

“తెడ్డు వెయ్యి.”

గొంతు బొంగురుగ ఉండె. చలికి, భయానికి అట్ల అయ్యిందనుకున్నడు. తెడ్డు వేసిండు. ఎనక గూడ తెడ్డు పడ్డది. బోటు కదిలింది.

పది బారలు పోయిన్రో లేదో — ఎనకకెళ్లి, దూరంగ, నీళ్లల్లకెళ్లి...

“ప్రణయ్!”

వాని తెడ్డు గాలిల ఆగిపోయింది.

“ప్రణయ్... ఆగురా!”

“అక్కా,” అని గుసగుసగ అన్నడు, “ఇంటున్నవా?”

“చూడకు,” అన్నది ఎనక సీట్ల గొంతు. “తెడ్డు వెయ్యి.”

వేసిండు. కండ్లు ఒడ్డు మీది బల్బు మీద పెట్టి వేసిండు. ఎనకనుంచి పిలుపు ఆగుతలేదు. నీళ్లు మింగుకుంట, దగ్గుకుంట పిలుస్తున్నది. అక్క గొంతే. అచ్చం అక్క గొంతే. నగీన్‌భాయ్ చెప్పింది నిజమే, పేరు పెట్టే పిలుస్తున్నది — అని మనసుల అనుకుంటుండంగనే...

“చిన్నా! నేను రా... చిన్నా!”

చిన్నా అని అక్క తప్ప వాన్ని ఈ భూమ్మీద ఎవ్వరు పిలువరు.

దీనికెట్ల తెలిసింది? ఒక్కసారి తిరిగి చూద్దామని నడుం తిప్పబోయిండు. తిప్పీ తిప్పకముందే బోటు పక్కకు ఒరిగింది — నీళ్లు అంచు దాటి లోపలికొచ్చినయి. గబుక్కున సర్దుకున్నడు.

“తిరుగకు,” అన్నది ఎనక గొంతు. మెల్లగ. చెవి దగ్గర.

మళ్ల పిలుపు. మళ్ల తిరుగబోయిండు. మళ్ల బోటు ఒరిగింది.

ఏడ్చుకుంట తెడ్డు వేసిండు. “అక్కా, నువ్వున్నవు గద... నువ్వు నా ఎనకనే ఉన్నవు గద...” అనుకుంట వేసిండు.

“చిన్నా, ఆ—”

సగం మాటల తెగిపోయింది పిలుపు.

అంతే. మళ్ల రాలే. ఒక్క చప్పుడు లేదు. అప్పుడు వాడు ఊపిరి పీల్చుకున్నడట. ‘పీడ పోయింది’ అనుకున్నడట. అది చెప్పేటప్పుడు వాడు నా మొఖం దిక్కు చూడలే.

చెట్లు దాటిన్రు. ఒడ్డు దగ్గరికొచ్చింది. క్రాంతి, మిగిలినోళ్లు, నగీన్‌భాయ్ అందరు నీళ్ల దగ్గరికి ఉరికొచ్చిన్రు. బోటు మూతి ఇసుకను తాకింది. నగీన్‌భాయ్ టార్చ్ కొట్టిండు. వెలుగు ప్రణయ్ మొఖం మీద పడ్డది... పక్కకు జరిగింది... వాని ఎనక ఆగింది.

“బెన్ క్యాఁ?” అన్నడు. అక్క ఏది, అని.

“ఎనకనే ఉంది గద,” అని ప్రణయ్ తిరిగిండు.

ఎనక సీటు ఖాళీగ ఉంది.

మనిషి లేదు. తెడ్డు లేదు. సీట్ల ఇన్ని నీళ్లు మాత్రం ఉన్నయి.

వాడు అరిచిన అరుపుకు ఒడ్డు మీద కుక్కలు మొరిగినయంటరు. నగీన్‌భాయ్ చేపలోళ్ల ఇంజన్ బోటు లాగి, ప్రణయ్‌ను, క్రాంతిని ఎక్కిచ్చుకొని సూకా ఝాడ్ దిక్కు తిప్పిండు. చెట్ల దగ్గర ఇంజన్ ఆపిండు.

“అక్కా! విజయక్కా!” గొంతు చిరిగేటట్టు పిలిచిండు ప్రణయ్. “అక్కా, నేను! పలుకు!”

ఎవ్వరు పలుకలే. ఎంత పిలిచినా పలుకలే. క్రాంతి తల దించుకున్నడు. పోయిందనే అనుకున్నడు.

నగీన్‌భాయ్ మాత్రం ప్రణయ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టిండు. పిలువకు అన్నడు. ఒక్కొక్క మోడు మీద టార్చ్ కొట్టుకుంట, గెడతోటి బోటును నెట్టుకుంట పోయిండు.

ఆఖరుకు దొరికింది. ఒక మోడును రెండు చేతుల కావలిచ్చుకొని, ఛాతిదాక నీళ్లల్ల, మొఖం కట్టెకు ఆనిచ్చి ఉంది. పానంతోనే ఉంది. లైఫ్ జాకెట్ బతికిచ్చింది. ప్రణయ్ వంగి భుజం మీద చెయ్యి వేసిండు — ఆమె కండ్లు తెరువకుంటనే వాని చెయ్యి కొరికింది. “పో! పో! నువ్వు వాడివి కాదు!” అని మొత్తుకున్నది. ముగ్గురు కలిసి ఆ చెట్టు నుంచి ఆమె వేళ్లు ఒక్కొక్కటి ఇడిపియ్యాల్సి వచ్చింది.

సోన్‌గఢ్ దవాఖానల పెట్టిన్రు. జ్వరం దిగినా మాట రాలే. ఇంటికి తీస్కొచ్చినంక గూడ మాట్లాడలే. ప్రణయ్ పనికి పోవుడు బంద్ చేసి ఆమె మంచం పక్కనే కూసున్నడు. అన్నం కలిపి నోటికి పెడితే తిన్నది. ఒకనాడు ఆమె పెట్టినవన్ని ఇప్పుడు తిరిగి పెడుతున్నట్టు అనిపిచ్చి, వాడు బయటికొచ్చి ఏడ్చెటోడు.

క్రాంతి చూడనీకె వచ్చినప్పుడల్లా సముదాయిచ్చిండు. “అది నీ భయం రా. ఒరుసుకున్న కొమ్మలు, బోటుల కొట్టుకున్న నీళ్లు — నువ్వు అక్క మాట అనుకున్నవు. ఎనక ఎవ్వరు లేరు. ఒక్కడివే తెడ్డు వేసుకుంట వచ్చినవు. డాక్టర్ గూడ గదే అన్నడు.”

అదే నిజమని ప్రణయ్ నమ్మబోయిండు. నమ్మితే తప్పు వాని ఒక్కనిదే అయితది — అయినా నమ్మబోయిండు. దయ్యం కన్న అదే నయమనుకున్నడు.

ఒకనాడు పగటీలి సోమలింగం నిద్రల ఉన్నడు. గల్లీల మగ్గాలు ఆడుతున్నయి. విజయశ్రీ మంచం మీద లేచి కూసుని, తానంతట తానే, “చిన్నా” అన్నది.

వాడు ఆమె కాళ్ల మీద పడ్డడు.

“నేను దయ్యమనుకున్ననక్కా... నువ్వు పిలుస్తుంటే అది దయ్యమనుకొని...”

“తెలుసురా.” తల మీద చెయ్యి పెట్టింది. “నువ్వు తిరిగొచ్చి పిలిచినప్పుడు నేను గూడ గట్లనే అనుకున్న. గందుకే పలుకలే.”

“మధ్యల ఎందుకు ఆపినవక్కా? ఇంకొక్కసారి పిలిస్తే తిరిగెటోన్నే... బోటు మునిగినా తిరిగెటోన్నే...”

వాని తల మీది ఆమె చెయ్యి బిగుసుకున్నది.

“నీ ఎనక సీట్ల ఒకామె కూసున్నది చిన్నా,” అన్నది. “నా చీరె లెక్కనే చీరె. నా లెక్కనే తెడ్డు వేస్తున్నది. నేను పిలిచినప్పుడల్లా నువ్వు తిరుగబోతున్నవు... నువ్వు తిరుగబోయినప్పుడల్లా ఆమె బోటు అంచు మీద చెయ్యి పెట్టి నీళ్లల్లకు వంచుతున్నది. వంచి — నా దిక్కు చూసి నవ్వుతున్నది. ఇంకొక్కసారి పిలువు అన్నట్టు.”

మగ్గాల చప్పుడుల ఆమె గొంతు సరిగ వినబడలే. వాడు తల ఎత్తిండు.

“గందుకే,” అన్నది విజయశ్రీ, “నేనే నోరు మూసుకున్న.”