కట్టయ్య ఎడమ చెయ్యి

"తాతా, వంగు!"

సుకన్య కట్టయ్యను మిర్చి బస్తాల వెనక్కి లాగింది.

టప్! పక్క బస్తాకు తూటా తగిలింది. ఎర్రటి కాయలు జలజలా రాలాయి.

మధ్యాహ్నం ఒకటీ యాభై. వరంగల్ మిర్చి యార్డు. హమాలీలంతా అన్నాలకు వెళ్లారు. ఘాటుకు కళ్లు మండుతున్నాయి... తుమ్మితే చావే.

పది నిమిషాలు ఆగితే చాలు.

రెండింటికి జెనీవాలో మీటింగ్. ఒక పురుగుమందును ప్రపంచమంతా నిషేధించాలా వద్దా అని. వద్దంటూ ఎనిమిది వేల మంది రైతుల వేలిముద్రలతో లెటర్ వెళ్లింది. పంపింది రైతువాణి సమాఖ్య. పేరుకే రైతులది. నడిపేది మందుల కంపెనీలు.

అందులో కట్టయ్య ఎడమ బొటనవేలి ముద్ర ఉంది.

కట్టయ్యకు ఎడమ బొటనవేలే లేదు! ఇరవై ఏళ్ల క్రితం గడ్డి మిషన్లో పోయింది.

రెండింటికి ఫోన్ కెమెరాలో జెనీవా వాళ్లకు ఆ చెయ్యి చూపిస్తే సమాఖ్య బండారం బయటపడుతుంది. అందుకే వాళ్ల మనిషి మహిపాల్ తుపాకీతో తరుముతున్నాడు. లాయర్ సుకన్యకు ఇంత భయం ఎప్పుడూ వేయలేదు.

అడుగుల చప్పుడు ఆగింది. గేటు దగ్గర కారు డోరు పడింది.

వెళ్లిపోతున్నాడా? ఎందుకు?

కట్టయ్య జేబులో ఫోన్ గుర్రుమంది. ఎత్తాడు. విన్నాడు. పెట్టేశాడు.

రెండయింది. సుకన్య ఫోన్లో జెనీవా హాలు కనిపించింది. తెలుగు దుబాసీ గొంతు.

"కట్టయ్య గారూ, ఈ వేలిముద్ర మీదేనా?"

కట్టయ్య ఎడమ చేతిని తువ్వాలలో దాచుకున్నాడు.

"నాదే సారూ."

సుకన్య చప్పున మైక్ ఆపేసింది.

"ఏందిది తాతా?"

"నా మనవరాలు కావ్య వాని కార్ల ఉన్నది బిడ్డా. ఇప్పుడే ఫోన్ల ఏడ్సింది." కట్టయ్య గేటు వైపు చూశాడు. "వాడు గీ మీటింగే సూస్తాండు."

సుకన్యకు ఏడుపొచ్చింది. కేసు పోతే పోనీ... పిల్ల బతకాలి. మైక్ ఆన్ చేసి నోరు మూసుకుంది.

"సరే. నమస్కారం కట్టయ్య గారూ," అంది దుబాసీ గొంతు.

నమస్కారం పెట్టిన మనిషికి తిరిగి పెట్టకుండా ఉండడం కట్టయ్యకు బుద్ధెరిగిన నాటి నుంచీ తెలీదు.

రెండు చేతులూ జోడించాడు.

తువ్వాల జారిపోయింది.

జెనీవా హాల్లో ఎవరో లేచి నిలబడ్డారు. కట్టయ్య తన చేతుల వంక చూసుకున్నాడు...

గేటు దగ్గర, కారులో...

ఢాం!