మూడో నట్టు

మా మామకి నా మీద పిసరంత నమ్మకం లేదు. ఆయన లాంచీ ఇంజనుకి డీజిల్ పంపు నేనే విప్పి, నేనే బిగించి, "సెట్ చేశాను మామయ్యా" అన్నాను. "అంత ధైర్యముంటే నీ పెళ్ళాన్ని ఎక్కించు, చూద్దాం" అన్నాడు. నేను తగ్గుతానా? ఎక్కించాను. అక్క ఎక్కితే చెల్లెలు ఊరుకుంటుందా? మరదలూ ఎక్కింది.

అలా ఓ పొద్దున్నే నలుగురం బయల్దేరాం. నది అవతలి ఒడ్డుకి ముప్పావు గంట. మామ పైన చక్రం దగ్గర, అక్కాచెల్లెళ్ళు బల్ల మీద, నేను కింద ఇంజను గదిలో. గది అంటే పెద్ద మాటే, నడుం ఎత్తడానికి లేదు. డీజిల్ వాసన, కాలిన నూనె వాసన, తడి చెక్క వాసన. నెత్తి మీద మూత తీసి ఉంది కాబట్టి పైనున్న ముగ్గురూ కనిపిస్తున్నారు.

సగం దూరం వెళ్ళేసరికి పొగమంచు కమ్మేసింది. వెలుగు ఉంది, కానీ ఎటు చూసినా తెలుపే. ఒడ్డు లేదు, నీళ్ళు కూడా సరిగ్గా కనపడట్లేదు. అప్పుడే ఇంజను తడబడింది. మూడు దెబ్బల్లో ఒకటి తప్పుతోంది.

మూడు సిలిండర్లలో ఒకటి మండట్లేదన్నమాట. అది ఏ సిలిండరో కనిపెట్టడం తేలికే. ఇంజను తిరుగుతుండగానే ఒక్కో సిలిండర్‌కి డీజిల్ వెళ్ళే పైపు నట్టు కాస్త వదులు చెయ్యాలి. డీజిల్ బయటికి కారిపోయి ఆ సిలిండర్ ఆగుతుంది. చప్పుడు పడిపోతే ఆ సిలిండర్ మంచిదే. ఏ తేడా రాకపోతే జబ్బు దానిదే.

పైన మామ తిట్లు మొదలెట్టాడు. నేను మొదటి నట్టు వదులు చేశాను.

"నేను ముందే మొత్తుకున్నాను, వీడి చేతికి ఇంజ..."

చప్పుడు పడిపోయింది. మామ గొంతూ ఆగిపోయింది. నట్టు బిగించాను.

"...ను ఇవ్వొద్దని!"

నవ్వొచ్చింది నాకు. పాపం, దగ్గు అడ్డొచ్చిందేమో అనుకున్నాను. రెండో నట్టు మీద స్పానర్ పెట్టాను. మరదలు తల వంచి నన్ను చూస్తోంది.

"బావా, ఈతైనా వచ్చా, లేక అదీ ఇప్పుడే నేర్చుకుంటున్నా..."

నోరు తెరిచే ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. రెప్ప పడలేదు. ఊపిరికి లేవాల్సిన భుజాలు లేవలేదు. చున్నీ ఒక్కటే గాలికి ఊగుతోంది.

నా చెయ్యి దానంతటదే నట్టు బిగించేసింది.

"...వా?" అంది, పకపకా నవ్వుతూ.

మళ్ళీ వదులు చేశాను. నవ్వు ఆగింది. బిగించాను. నవ్వు సాగింది. అయ్యో దేవుడా...

మూడో సిలిండర్. అది ఎవరిదో నాకు తెలిసిపోయింది. ముట్టుకోకూడదు. కానీ తెలియకుండా ఉండగలనా? మా ఆవిడ వంకే చూస్తూ, వెంట్రుకవాసి తిప్పాను. డీజిల్ వేళ్ళ మీదుగా కారింది.

చప్పుడులో ఏ తేడా లేదు.

మా ఆవిడ నెమ్మదిగా తల తిప్పి నన్ను చూసింది. జడ ముందుకు వేసుకుంది. ఆవిడకి ఏమీ కాలేదు. డీజిల్ అందినా, అందకపోయినా.

ఆ సిలిండర్ ఎప్పటినుంచి ఆగి ఉంది? బాగుచెయ్యాలంటే ఇంజను ఆపాలి. ఆపితే మిగతా ఇద్దరూ...

"ఛ, ఈ గోల నేను వినలేను!" మామ అరిచాడు. "ఆపేస్తున్నా!"

ఇంజను ఆపే తీగ ఆయన చేతి దగ్గరే ఉంటుంది.

"వద్దు మామయ్యా! నీ కాళ్ళు పట్టుకుంటా, వద్దు..."

లాగేశాడు.

నిశ్శబ్దం. పైన ఏదో బరువుగా పడింది. వెంటనే ఇంకొకటి.

నేను చూడలేదు. చూస్తే చేతులు పనిచెయ్యవు. నట్లు విప్పినప్పుడు పైపుల్లో గాలి పట్టింది. చేతి పంపు కొట్టాను. బుడగలు... బుడగలు... చివరికి శుభ్రమైన డీజిల్. ఇంజను తిప్పే హ్యాండిల్ తగిలించాను. ఈ ఇంజను ఒక్కడి వల్ల కాదు. ఒకరు రెండు చేతులా తిప్పాలి, వేగం అందుకున్నాక ఇంకొకరు ఇంజను తల మీది మీట వదలాలి. ఒక్కణ్ణే తిప్పాను. మళ్ళీ తిప్పాను. అరచేతులు చిట్లాయి. ఏడుపొచ్చేసింది.

మెట్ల మీద అడుగులు. మా ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది.

"ఏమైందండీ?" గుసగుసగా అంది.

"ఆ మీట పట్టుకో. నేను తిప్పుతా. వదలమన్నప్పుడు వదులు... నీకు దండం పెడతా, త్వరగా!"

నా చేతుల వంక చూసింది. ఇంజను ఉన్న చోటు చూసింది. మళ్ళీ నన్ను జాలిగా చూసింది.

"ఏ మీటండీ? ఇక్కడ ఏముంది?"

నేను మళ్ళీ హ్యాండిల్ అందుకున్నాను.

"నాన్న, చెల్లి ఎప్పుడో దిగిపోయారు. మీ కోసమే చూస్తున్నారు. రండి."

లేచి మెట్లెక్కి, లాంచీ అంచు దాటి మంచులోకి అడుగు వేసింది. నీళ్ళ చప్పుడు వస్తుందని చెవులు రిక్కించాను. రాలేదు. కంకర మీద చెప్పుల చప్పుడు... ఒక్కరిది కాదు, ముగ్గురిది... మెల్లగా దూరమైంది.

నేను హ్యాండిల్ వదల్లేదు.