తోక వైపు పట్టుకున్నవాడు

నిన్నే. అలా వెనక్కి తిరిగి చూడకు, వెనకాల ఎవరూ లేరు. పాఠం చదవమంటే ఆవలింతలొస్తాయి, ప్రేమకథ అనగానే చేతిలో ఫోను దానంతటదే పక్కకి జారిపోయింది. సరే, కూర్చో. కాకపోతే ముందే ఒక మాట. ఇందులో హీరో గుర్రం ఎక్కడు, బైకూ ఎక్కడు. చిన్నప్పుడు ఒకసారి నీళ్ళ ట్యాంకు ఎక్కాడు, అదీ కుక్కకి భయపడి. నవ్వకు. బల్లిని చూసి నువ్వు మంచమెక్కిన సంగతి ఇంకా ఎవరికీ చెప్పలేదు.

చుట్టూ సరస్సులు, మధ్యలో చిన్న ఊరు. బస్టాండు పక్కన ఒక గది, దాని మీద ‘పర్యాటకుల సమాచారం’ అని బోర్డు. లోపల ఒక టేబులు, ఒక ఫోను, గోడకి సరస్సుల మ్యాపు, మ్యాపు కింద మన కుర్రాడు. టెంటు ఎక్కడ వేసుకోవచ్చు, పడవ ఎక్కడ దొరుకుతుంది అని అడిగేవాళ్ళకి చెప్పడమే అతని ఉద్యోగం. అందుకే ఊరంతా అతన్ని ‘సమాచారం’ అనే పిలిచేవారు. కోపమొస్తే కన్నతల్లి కూడా అలాగే పిలిచేది.

ఆ రోజు వాన దంచి కొడుతోంది. తలుపు తోసుకుని ముందు ఒక కుక్క వచ్చింది. దూడంత ఉంది. వెనక ఎడమ కాలు నేలకి ఆనీ ఆనకుండా కుంటుతోంది. ఆ తొడ మీద బొచ్చు గొరిగేసి ఉంది. వెనకే తడిసి ముద్దయిన అమ్మాయి వచ్చింది. సమాచారం కాళ్ళు రెండూ కుర్చీ మీదకి వెళ్ళిపోయాయి. ఎప్పుడు వెళ్ళాయో అతనికే తెలీదు.

“ఈ లిస్టు రాసింది మీరేనా?” అంటూ ఆ అమ్మాయి ఫోను తెచ్చి అతని ముక్కు దగ్గర పెట్టింది. ‘కుక్కల్ని రానిచ్చే క్యాంపు గ్రౌండ్లు’ అని పైన పెద్దక్షరాలతో ఉంది.

“నేనేనండీ.”

“మొదటి చోటికి వెళ్ళాను. కుక్కల్ని రానిస్తారట, కాకపోతే ఒళ్ళో పట్టేవాటినేనట. దీన్ని ఒక్కసారి మీ ఒళ్ళో పెట్టుకుని చూపిస్తారా?”

సమాచారం కుర్చీలో ఇంకాస్త పైకి జరిగాడు.

“రెండో చోట కూడా రానిస్తారట, పార్కింగ్ దాకా. మూడో చోట అన్నీ బాగున్నాయి, నీళ్ళ చుట్టూ మాత్రం కంచె ఉంది. మేమొచ్చిందే నీళ్ళ కోసమండీ. అసలు వీటిల్లో ఒక్కచోటికైనా మీరు వెళ్ళి చూశారా?”

“ఫోన్ చేసి కనుక్కున్నానండీ. కుక్కల్ని రానిస్తారా అంటే, ఆ, రానిస్తాం అన్నారు.”

“అంతేనా?”

“ఇంకేం అడగాలండీ?”

ఇక తిట్లు మొదలవుతాయని అతను సిద్ధపడ్డాడు. తిట్లు రాలేదు. అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాన నీళ్ళేలే అని సర్దిచెప్పుకున్నాడు కానీ, వాన నీళ్ళు కళ్ళలోంచి ఊరిరావు.

“దీని పేరు సోఫా. ఇంట్లో అందరం దీనికే ఆనుకుని టీవీ చూస్తాం. స్కూటర్ గుద్దేస్తే కాలికి ఆపరేషన్ చేశారు. రోజూ ఈత కొట్టించాలన్నాడు డాక్టరు. లేకపోతే కండ ఎండిపోతుంది, ఇంకో ఆపరేషన్ తట్టుకునే వయసు కాదు అన్నాడు. నేను ఫిజియోథెరపీ చేస్తాను. ఊళ్ళోవాళ్ళందరి కాళ్ళూ నడిపిస్తాను కానీ, దీని దగ్గరికి వచ్చేసరికి...” అని ఆగిపోయింది.

సమాచారం వెంటనే ఫోను అందుకున్నాడు. ఏమేం అడగాలో ఆమె చెప్తుంటే, ఇతను అవే అడిగాడు. ఎంత పెద్ద కుక్కని రానిస్తారు? నీళ్ళలో దిగనిస్తారా? టెంటులో పడుకోనిస్తారా? ఒకాయన కుక్క ఈదితే చేపలు బెదిరిపోతాయన్నాడు. ఒకావిడ తనకేం అభ్యంతరం లేదంది, వాళ్ళ పిల్లి మాత్రం ఒప్పుకోదంది.

“అయిపోయాయా?”

అతను మ్యాపులో ఒక మూలకేసి చూసి, చూపు తిప్పేసుకున్నాడు. మళ్ళీ కుక్క కాలు వైపు చూశాడు.

“ఇంకొకటుందండీ. మా మేనత్తది. కంచె లేదు, పిల్లి లేదు. మీ సోఫాలాంటివి ఇంకో నాలుగు వచ్చినా పడతాయి.”

“మరి లిస్టులో లేదే?”

“అక్కడ కుక్కలున్నాయండీ.”

“కుక్కల్ని రానిచ్చే చోట కుక్కలు కాక ఏనుగులుంటాయా?”

ఇక దాచి లాభం లేదని అతనికి తెలిసిపోయింది. “చిన్నప్పుడు మా అత్తవాళ్ళ కుక్క నా చెప్పు ఎత్తుకుపోయింది. నేను నీళ్ళ ట్యాంకు ఎక్కాను. పొద్దుపోయేదాకా దిగలేదు. ఇప్పటికీ ఏ శుభకార్యంలో కలిసినా అందరూ అదే కథ చెప్పుకుంటారు. లిస్టులో పెడితే, ఒకసారి వచ్చి చూడరా అంటుంది అత్త. అందుకని...”

“అంటే, కుక్కలంటే భయపడే మనిషి కుక్కల కోసం లిస్టు రాశాడన్నమాట.”

“చెప్తే అలాగే ఉంటుందండీ.”

ఆమె నవ్వింది. ముక్కు ఎగబీలుస్తూనే నవ్వింది. ఆ నవ్వు చూసి సమాచారం కాళ్ళు వాటంతటవే కిందకి దిగాయి.

“లేవండి, దారి చూపిద్దురు గాని.”

“మ్యాపు గీసిస్తానండీ.”

“మీ కాగితాలు చాలు. మీరే రండి.”

అత్తకి ఫోన్లో సంగతంతా చెప్పి, కారులో ఇతను ముందు సీట్లో కూర్చుంటే, వెనక నుంచి సోఫా తలకాయ వచ్చి భుజం మీద వాలింది. సమాచారం ఊపిరి బిగబట్టాడు.

“మీరు నచ్చారు దానికి” అంది అమ్మాయి.

“తినే ముందు కూడా నచ్చాలి కదండీ.”

అత్తవాళ్ళ గేటు దగ్గర కారు ఆగింది. ఇతను ఒక కాలు కింద పెట్టాడో లేదో, గేటు వెనక నుంచి భౌ మని పెద్ద మొరుగు వినిపించింది. రెండో కాలు కింద పెట్టకుండానే సమాచారం బానెట్ మీద ఉన్నాడు. గేటు తెరుచుకుంది. లోపల మూడు కుక్కలు వరండాలో హాయిగా నిద్రపోతున్నాయి. మొరిగింది మామయ్య.

ఆ మామయ్య సంగతి చెప్పాలి. అత్త మొగుడు. చదివింది తక్కువ, చేసిన అల్లరి ఎక్కువ. ఆయన చేతిలో బోల్తాపడని మనిషి ఆ చుట్టుపక్కల లేడు. తనని బోల్తా కొట్టించేవాడు ఇంకా పుట్టలేదని అందరితో చెప్పుకు తిరిగేవాడు.

“రామ్మా, రా. మావాడు కుక్కల స్పెషలిస్టు. తీసుకొచ్చాడంటే ఇక నీకు దిగుల్లేదు” అన్నాడు మామయ్య, బానెట్ మీదున్న మేనల్లుణ్ణి చూపిస్తూ.

“చూస్తుంటేనే తెలుస్తోందండీ” అంది అమ్మాయి.

అత్త చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చింది. “ఇన్నేళ్ళకి దారి గుర్తొచ్చిందిరా? పిలిస్తే రావు, పెళ్ళంటే రావు. కుక్కకి కాలు విరిగితే వచ్చావు” అని సోఫా ముందు చతికిలబడి, దాని తల నిమిరింది. “నీళ్ళు వెచ్చగానే ఉన్నాయి తల్లీ. ఇప్పుడే దించు.”

నీళ్ళలో సోఫాని పొట్ట కింద ఇద్దరు పట్టుకోవాలి. అది కాళ్ళు ఆడించేదాకా వదలకూడదు. అత్తకి నడుం నొప్పి. మామయ్య కావాలనే ఎటో మాయమైపోయాడు. అమ్మాయి సమాచారం వైపు చూసింది.

“తల వైపు పడతారా, తోక వైపా?”

“తోక వైపండీ. అక్కడ పళ్ళుండవు.”

అలా మొదలైంది. ఆఫీసు తలుపు వేయగానే సైకిలెక్కి అత్తవాళ్ళింటికి వెళ్ళడం, ప్యాంటు మడిచి నీళ్ళలో దిగడం, తోక వైపు నిలబడడం. నీళ్ళలో సోఫా తోకాడిస్తే అది ఫెడేల్మని చెంప మీద కొట్టేది. “దానికి మీ మీద కోపం లేదు, సంతోషం” అనేది అమ్మాయి. “ఇంత సంతోషం నేను తట్టుకోలేనండీ” అనేవాడు ఇతను. సన్న తుంపర పడుతుంటే తల వైపు నుంచి ఆమె, తోక వైపు నుంచి అతను ఒకర్నొకరు చూసుకునేవాళ్ళు. మధ్యలో కుక్క మాత్రం శ్రద్ధగా ఈత నేర్చుకునేది. అండీలు, మీరులు ఎప్పుడు జారి నీళ్ళలో పడిపోయాయో ఇద్దరికీ తెలీదు.

భయం కూడా అలాగే పోయింది. గొరిగిన ఎడమ తొడ మీద కొత్త బొచ్చు అరచేతికి గరగరా తగిలేది. ఆ గరగర కింద కండ రోజురోజుకీ గట్టిపడడం అందరికంటే ముందు తెలిసింది ఇతనికే. తెలిసినందుకు ఆనందం, తెలిసినందుకే దిగులు. కాలు బాగైతే అమ్మాయి వెళ్ళిపోతుంది. తన చేతులతో తనే ఆ కాలు బాగుచేస్తున్నాడు. పోనీ కాస్త మెల్లగా చేద్దామంటే, సోఫా ముఖం చూస్తే మనసు ఒప్పదు.

ఒక సాయంత్రం సోఫా ఎవరూ పట్టుకోకుండా ఒడ్డు నుంచి పడవ దాకా ఈది, తిరిగొచ్చి, ఒళ్ళు దులుపుకుని పరుగెత్తింది. అమ్మాయి చప్పట్లు కొట్టింది. సమాచారం కూడా కొట్టాడు, ఎవరో చెయ్యి పట్టుకుని కొట్టించినట్టు.

“సెలవు కూడా అయిపోవచ్చింది” అంది ఆమె, అతని వైపు చూస్తూ.

“అవును, రోడ్డు మొత్తం గుంతలే. పొద్దున్నే బయల్దేరితే మంచిది” అన్నాడు ఇతను.

దీన్ని నువ్వేమంటావో నాకు తెలీదు, అత్తయితే కిటికీలోంచి విని తల బాదుకుంది.

తెల్లారేసరికి సోఫా మళ్ళీ కుంటుతోంది.

అత్త గాభరాపడింది. అమ్మాయి తను పనిచేసే ఆసుపత్రికి ఫోన్ చేసి సెలవు పొడిగించింది. మామయ్యకైతే కడుపు తరుక్కుపోయింది. అల్లరి పక్కన పెట్టి, నూనె గోరువెచ్చగా చేసి, ముందు కూర్చుని మర్దన మొదలుపెట్టాడు. “మూగజీవం, పాపం, పైకి చెప్పుకోలేదు కదా” అంటూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి రాసేవాడు. సోఫా కళ్ళు మూసుకుని కాలు చాచి ఆయనకి అప్పగించేది.

సమాచారం లోలోపల గంతులేశాడు. వెంటనే సిగ్గుపడ్డాడు కూడా, కుక్క కుంటుతుంటే సంతోషించే వెధవనయ్యానా అని. ఆ సిగ్గుతోనే ఒక పొద్దున ఆఫీసుకి వెళ్ళే ముందు వచ్చి, మామయ్య పక్కన కూర్చుని ఆ కాలు తనూ నిమిరాడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది. మెత్తగా, దట్టంగా ఉంది బొచ్చు. గరగర లేదు. ఆ తొడ ఎవరూ ఎప్పుడూ గొరగనేలేదు. అది కుడి కాలు.

రోజంతా మ్యాపు ముందు కూర్చున్నాడు. ఎవరో వచ్చి పడవల గురించి అడిగితే బస్సుల టైములు చెప్పాడు. చెప్పకపోతే ఆమె ఇంకొన్నాళ్ళు ఇక్కడే ఉంటుంది. ఎవరికీ నష్టం లేదు. చెప్తే రేపే కారెక్కుతుంది. సాయంత్రం ఆమె పడవలు కట్టేసే చెక్క వంతెన మీద కాళ్ళు నీళ్ళలో వదిలి కూర్చుని ఉంది. సోఫా పక్కనే పడుకుని ఉంది. ఇతను నిలబడే చెప్పేశాడు.

“సోఫా కుంటుతున్నది కుడి కాలు. ఆపరేషన్ చేసింది ఎడమ కాలికి. దానికేం కాలేదు. నాటకమాడుతోంది.”

ఆమె వెంటనే తల తిప్పలేదు. “ఎప్పుడు తెలిసింది?”

“పొద్దున.”

“మరి పొద్దున్నే చెప్పలేదే?”

“చెప్తే నువ్వెళ్ళిపోతావని.”

“మరి ఇప్పుడెందుకు చెప్పావు?”

“ఒకసారి నీకు తప్పు సమాచారం ఇచ్చాను. నువ్వు వానలో తిరిగావు. మళ్ళీ ఆ పని చెయ్యలేను.” ఇక ఎలాగూ మునిగాం కదా అని మిగతాది కూడా అనేశాడు. “వెళ్ళకు. రోడ్డు గుంతలన్నది నిజమే కానీ, ఆ రోజు నేను చెప్పాలనుకున్నది అది కాదు.”

ఆమె అప్పుడు తిరిగింది. కళ్ళలో మళ్ళీ నీళ్ళు. ఈసారి వాన కూడా లేదు.

“కాళ్ళు చూసే ఉద్యోగం నాది. ఏ కాలు కుంటుతోందో నాకు తెలీదా?” అని తన మోకాలి మీద రెండు వేళ్ళతో తట్టింది. సోఫా లేచి, ఎంతో బాధగా కుడి కాలు ఎత్తుకుని చెక్క మీద నాలుగడుగులు వేసి, బిస్కట్ కోసం వెనక్కి తిరిగింది.

“నువ్వు నేర్పావా?”

“నువ్వు ఉండమంటావేమోనని చూశాను. రోడ్డు గురించి చెప్పావు. ఏం చెయ్యను మరి, రాత్రంతా బిస్కట్లు పెట్టి నేర్పి, కుక్కతో చెప్పించాను.”

“ఎడమ కాలితో కుంటించి ఉంటే నేను జన్మలో కనిపెట్టేవాణ్ణి కాదు.”

“ఇప్పుడిప్పుడే బలం వచ్చిన కాలు. ఉత్తుత్తికి కూడా దానితో కుంటించలేను.”

సమాచారం చెక్క మీద కూలబడ్డాడు. సోఫా వచ్చి ఇద్దరి మధ్యా దూరబోయింది, చోటు చాలక ఇద్దరి మీదా పడుకుంది. ఇతను కాళ్ళు పైకి లాక్కోలేదు.

“మీ ఊరి ఆసుపత్రిలో ఫిజియోథెరపీకి మనుషులు కావాలేమో, సమాచారం ఏమైనా ఉందా?” అంది ఆమె.

“ఫోన్లో అడగను. రేపు నేనే వెళ్ళి చూసొస్తాను.”

కిటికీలోంచి అత్త గొంతు వినిపించింది. “అమ్మాయ్, ఇక ఆంటీ అని పిలిచావంటే ఊరుకోను. ఒరేయ్, మీ అమ్మకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?”

సరిగ్గా అప్పుడే మామయ్య నూనె గిన్నె పట్టుకుని దిగాడు. “చూశావా అల్లుడూ, కాలు ఇవాళ కాస్త వదులైంది. ఏం అనుకున్నావు, నా చేతి వాటం అలాంటిది” అంటూ సోఫా ముందు కూర్చుని, మోకాళ్ళ మీదకి పంచె లాక్కున్నాడు. అమ్మాయి సమాచారం వైపు చూసింది. సమాచారం కిటికీ వైపు చూశాడు. కిటికీలో అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అమ్మాయి మెల్లగా మోకాలి మీద రెండు వేళ్ళతో తట్టింది. సోఫా మూలిగి, కుడి కాలు చాచింది.

ఎవ్వరూ చెప్పలేదు. పెళ్ళి ముహూర్తం పెట్టించేదాకా, రెండు పూటలా ఆ రాచమర్యాద అలాగే సాగింది. చివరికి ముహూర్తం పెట్టడానికి వచ్చిన చుట్టాలందరి ముందూ అత్తే బయటపెట్టింది. ఆ రోజు నుంచి నీళ్ళ ట్యాంకు కథ ఎవరూ చెప్పుకోవడం లేదు, ఇదే చెప్పుకుంటున్నారు.

ఆ మామయ్య ఎవరని మాత్రం అడక్కు. లోపల మీ అత్తయ్య అప్పుడే నవ్వడం మొదలుపెట్టింది.