లాజరస్ ఎందుకు సెలెక్టయ్యాడు?

బిట్రగుంట రైల్వే కాలనీలో ఒక పాత క్వార్టర్. బయట టైలరింగ్ సెంటర్ బోర్డు, లోపల సీక్రెట్ యూనిట్. బ్రీఫింగ్ ఉదయం ఏడింటికి. ఏజెంట్ పెంచల్ ఆరున్నరకే వచ్చి కూర్చున్నాడు. ఏజెంట్ లాజరస్ ఏడు దాటాక తీరిగ్గా వచ్చాడు. అయినా చీఫ్ ఎలిశబెతు "కాఫీ తాగినావా?" అని అడిగింది లాజరస్‌నే. పెంచల్ ఆ సంగతి గుర్తుపెట్టుకున్నాడు. ఇలాంటివి మూడేళ్ళుగా అతని మనసులో చాలా పోగుపడ్డాయి.

చీఫ్ స్క్రీన్ ఆన్ చేసింది.

"నీలాంబర్ మెరైన్ లింక్స్. నాయుడుపేట హైవే మీద ఒక హోటల్లో ఇంటర్వ్యూలు చేస్తుండారు. వెనకాల ఉండేది విదేశీ ముఠా. పోయిన నెల ఆరుగురికి ఉద్యోగాలిచ్చినారు. ఆరుగురి ఫోన్లూ ఒకే రోజు పులికాట్ ఒడ్డున ఆగిపోయినాయి. షిప్ ఎక్కించి, ఏదో దేశంలో సైబర్ ఫ్రాడ్ క్యాంపులో పడేస్తుండారని అనుమానం. పోయినోడు తిరిగి రాలేదు."

"కంప్లైంట్లు ఎన్ని వచ్చినాయి మేడమ్?" పెంచల్ అడిగాడు.

"ఒక్కటీ రాలేదు. అదే నాకు అంతుబట్టడం లేదు."

ప్లాన్ సింపుల్. ఇద్దరూ మెరైన్ ఇంజిన్ మెకానిక్‌లుగా ఇంటర్వ్యూకి వెళ్ళాలి. ఎవరు సెలెక్టయితే వాళ్ళు పడవ ఎక్కాలి. చొక్కా గుండీలో కెమెరా, పెన్నులో ట్రాకర్. ఆ సిగ్నల్ పట్టుకుని మెరైన్ పోలీసులు షిప్ దాకా వెంబడిస్తారు. కంపెనీలో హెచ్.ఆర్. మేనేజర్ స్వర్ణ డబుల్ ఏజెంట్, రహస్యంగా మన మనిషి. కోడ్ ప్రశ్న, "ఇక్కడ కారం దోసె బాగుంటుందా?" జవాబు, "నెయ్యి వెయ్యకపోతేనే."

"ఇంకొక మాట," చీఫ్ ఫైలు మూసింది. "చెన్నై యూనిట్‌కు చీఫ్‌గా మీ ఇద్దర్లో ఒకరు పోతారు."

పెంచల్ లాజరస్‌ను చూశాడు. లాజరస్ కాఫీ తాగుతున్నాడు.

ఇంటర్వ్యూకి పెంచల్ పెట్టుడు మీసం, సోడాబుడ్డి కళ్ళద్దాలు, అమ్మ, ఇద్దరు చెల్లెళ్ళు, కోపిష్టి బావ ఉన్న కవర్ స్టోరీతో వెళ్ళాడు. ఆ కథ తయారు చేయడానికి రెండు రోజులు పట్టింది. లాజరస్ దువ్వెన కూడా పెట్టకుండా వెళ్ళాడు. కథ అడిగితే, "నిజమే చెప్పేస్తానన్నా. హాస్టల్లో పెరిగినా. నాకెవురుండారు?" అన్నాడు.

పెంచల్‌ను ఆరు నిమిషాల్లో బయటికి పంపేశారు. "మేమే ఫోన్ చేస్తాం," అంది స్వర్ణ, తలెత్తకుండా. లాజరస్ పది నిమిషాల్లో ఆఫర్ లెటర్‌తో బయటికొచ్చాడు. అతన్ని తలుపు దాకా దిగబెట్టింది కూడా స్వర్ణే. నవ్వుతూ.

పెంచల్ ఆ నవ్వు కూడా గుర్తుపెట్టుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం పులికాట్ జెట్టీకి పది నిమిషాల దూరంలో, టీ బంకు వెనక బ్యాకప్ డ్యూటీలో కూర్చున్నాడు పెంచల్. మూడున్నరకు పడవ. ట్యాబ్‌లో లాజరస్ ఇంటర్వ్యూ వీడియో పెట్టుకున్నాడు. డ్యూటీ ప్రకారం ఒక్కసారి చూస్తే చాలు. అతను నాలుగుసార్లు చూశాడు. వాడు సెలెక్టవడానికి మొదట వాడి గొంతే కారణం అనిపించింది. తర్వాత ఇంగ్లీషేమో అనుకున్నాడు. మూడోసారి మొత్తం స్వర్ణ నవ్వు దగ్గరే ఆగిపోయాడు. నాలుగోసారికి అసూయ కాస్త అలిసిపోయి, చెవులు పనిచేయడం మొదలుపెట్టాయి.

ఇంజిన్ గురించి ఒక్క ప్రశ్న లేదు.

"ఇంట్లో ఎవరుంటారు?" "రోజూ ఎవరికి ఫోన్ చేస్తారు?" "పండక్కి ఎవరింటికి వెళ్తారు?" తననూ ఇవే అడిగారు. తను అమ్మ, చెల్లెళ్ళు, బావ అన్నాడు. స్వర్ణ పేరు కొట్టేసింది. వీడియోలో లాజరస్ చెప్పాడు, "ఎవురూ లేరు మేడమ్. నేను కనపడకపోయినా అడిగేవాళ్ళు లేరు." వెంటనే ఆఫర్ లెటర్.

ఆరుగురు మాయమైనా ఒక్క కంప్లైంట్ ఎందుకు రాలేదో పెంచల్‌కు అర్థమైంది. వాళ్ళకు మెకానిక్‌లు అక్కర్లేదు. ఎవరూ వెతకని మనుషులు కావాలి.

లాజరస్ గుండీలోని లైవ్ కెమెరాకు మారాడు. స్వర్ణ చేతిలో మడతపెట్టిన కంపెనీ టీషర్టు. "షర్ట్, పెన్, ఫోన్ అన్నీ ఈ బాక్సులో పెట్టండి." స్క్రీన్ నల్లబడింది. ట్రాకర్ ఒడ్డునే ఉండిపోయింది. ఇక సముద్రంలో లాజరస్‌ను కనిపెట్టే దారి లేదు.

చీఫ్‌కు ఫోన్ చేశాడు. "పోలీసులకు ముప్పై అయిదు నిమిషాలు పడుతుంది. అంతదాకా పడవ కదలకూడదు పెంచల్!"

టైం మూడూ అయిదు. పెంచల్ బైక్ ఎక్కి, తాళం చెవి పెట్టి, తిప్పకుండా ఆగాడు. లాజరస్ తిరిగి రాకపోతే చెన్నై సీటు తనదే. ఆ ఆలోచన వచ్చింది. వచ్చినందుకు సిగ్గేసింది. తను కాకపోతే వీడి గురించి ఇంకెవరు అడుగుతారు? తాళం తిప్పాడు.

జెట్టీ మీద నీలం టీషర్టుల్లో నలుగురు. అందులో లాజరస్‌కే టీషర్టు బాగా నప్పింది. పడవలో ముఠా బాస్ రోమర్, మోకాళ్ళ మీద తువ్వాలు. ఒడ్డున కెంపు రంగు చీరలో, నల్ల కళ్ళద్దాలతో స్వర్ణ. పెంచల్ నేరుగా ఆమె దగ్గరికి వెళ్ళాడు.

"ఇక్కడ కారం దోసె బాగుంటుందా?"

"ఇక్కడ హోటల్ లేదు," అంది స్వర్ణ. "వెళ్ళండి."

అయితే ఈమె అటే. కోడ్ ఫెయిల్, గ్యాడ్జెట్ లేదు, మారువేషానికి టైం లేదు. పెంచల్ దగ్గర మిగిలింది ఒకటే. దానికి నటన అక్కర్లేదు.

"నన్నెందుకు తీసుకోలా?" జెట్టీ అదిరేలా అరిచాడు. "వాడికన్నా నాకేం తక్కువ? నాకు పదేళ్ళ ఎక్స్‌పీరియెన్స్ ఉండాది! ఇంజిన్ గురించి ఒక్క ముక్క అడిగినారా? జీతం ఎంతంటే నవ్వినారు. పనేందంటే పోయినాక తెలుస్తుందన్నారు. వాణ్ణేమో పది నిమిషాల్లో తీసుకున్నారు. ఏం చూసి? ఇంట్లో ఎవురూ లేరన్నాడనా? మీకు మెకానిక్‌లు కావాల్నా, అనాథలు కావాల్నా?"

స్వర్ణ రెండుసార్లు వెళ్ళమంది. రోమర్ రెండుసార్లు టైం చూసుకున్నాడు. పెంచల్ ఆపలేదు. కాఫీతో మొదలుపెట్టి, మూడేళ్ళ కడుపుమంట అంతా వరసగా కక్కాడు. ఎక్కాల్సినవాళ్ళు ఎక్కకుండా వింటూ నిలబడ్డారు. అరగంట గడిచింది.

పడవలో కాలు పెట్టబోయిన ఒకడు ఆగాడు. "నన్ను కూడా ఇంట్లోవాళ్ళ గురించే అడిగినారన్నా."

"ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకున్నారా?"

"తీసుకున్నారు."

"ముందు చేరినోళ్ళతో ఒకసారి మాట్లాడించమన్లేదా?"

"అడిగినా. అందరూ బిజీగా ఉండారన్నారు."

"నీకు ఇంట్లో ఎవురుండారు?"

"ఎవుర్లేరు." పక్కవాడి వైపు తిరిగాడు. "నీకు?" పక్కవాడు తల అడ్డంగా ఊపాడు. ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకుని పడవకు దూరంగా వెనక్కి నడిచారు.

రోమర్ తువ్వాలు కిందినుంచి పిస్టల్ పైకి లేచింది, సూటిగా పెంచల్ గుండె వైపు. లాజరస్ పడవలోకి దూకి, తెడ్డు ఎత్తి ఆ మణికట్టు మీద ఒక్కటిచ్చాడు. పిస్టల్ నీళ్ళలో పడింది. రోమర్ రెండో చేత్తో ఇంజిన్ స్టార్ట్ చేశాడు. పడవ ఒడ్డు వదిలేలోపు లాజరస్ డీజిల్ పైపు పీకేశాడు. మూలమలుపులో సైరన్ వినపడింది.

స్వర్ణ కళ్ళద్దాలు తీసి పెంచల్ వైపు తియ్యగా చూసింది. "నెయ్యి వెయ్యకపోతేనే."

"ఆలస్యమైందమ్మా," అన్నాడు పెంచల్. లేడీ కానిస్టేబుల్ బేడీలు వేసింది. రోమర్ ఫోన్‌లో పాత ఆరుగురూ ఉన్న క్యాంపు అడ్రసు దొరికింది. ఎంబసీకి కబురు వెళ్ళింది.

సాయంత్రం ఒక కానిస్టేబుల్ జెట్టీ మీద కుర్చీ వేసుకుని బాధితుల వివరాలు రాసుకుంటున్నాడు. కవర్ పోకూడదు కాబట్టి లాజరస్ కూడా వరసలో నిలబడ్డాడు.

"మీ తరఫున ఫోన్ చెయ్యాలంటే ఎవరికి చెయ్యాలి?"

"పెంచల్ అని, అదుగో, ఆయనకి."

"ఏమవుతాడు?"

లాజరస్ కొంచెం ఆలోచించాడు. "నేను ఏం తిన్నానో, ఎవురితో నవ్వినానో, యాడికి పోయినానో అన్నీ కనిపెట్టుకోని ఉంటాడు సార్. నాకేదైనా మంచి జరిగితే ఆయనకు నిద్ర పట్టదు."

కానిస్టేబుల్ ఇంకేమీ అడక్కుండా రాసుకున్నాడు: దగ్గరి బంధువు.